జుగ్సలాయి మొహాలు, మూడు కెమెరాలు

జనవరి. పొద్దున్న ఆరున్నర. టాటానగర్ స్టేషన్ బయట టోటో అనే ఈ-రిక్షా ఎక్కారు మీరు. మఫ్లరు చుట్టుకున్న డ్రైవరు స్టేషన్ రోడ్డు మీదుగా జుగ్సలాయి వైపు తిప్పాడు. మంచు ఇంకా విడలేదు. అందులో బొగ్గు పొయ్యిల పొగ కలిసి, వీధి చివర ఏముందో తెలియనివ్వడం లేదు. భుజాన ఒక సంచి, ఒళ్ళో ఇంకోటి, పక్క సీటు మీద పెద్దది, కాళ్ళ మధ్య ట్రైపాడు. బండి గుంతలో పడినప్పుడల్లా ఒళ్ళోని సంచిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటున్నారు. డ్రైవరు అద్దంలోంచి అది చూసి, "సర్వే వాళ్ళా?" అని హిందీలో అడిగాడు. మూడు కాళ్ళ స్టాండు కనబడితే ఇక్కడ ముందొచ్చే భయం అదే. రోడ్డు వెడల్పు చేస్తారేమో, ఇల్లు పోతుందేమో. కాదు, మనుషుల ఫోటోలు తీయడానికని చెప్పారు మీరు. "ఫోటోకి ఇంత సామానా? ఫోను లేదా?" అన్నాడు.

భుజాన ఉన్నది 35 ఎంఎం కెమెరా, దానికి 50 ఎంఎం లెన్సు. ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు, రీలుకి 36 బొమ్మలు. ఒళ్ళో ఉన్నది ట్విన్ లెన్స్ కెమెరా. అందులో వేసేది 120 రీలు, వచ్చేవి 6×6 చదరపు బొమ్మలు పన్నెండు. ఆరు సెంటీమీటర్లు అనడం మాటవరసకే. నికరంగా ఒక్కో పక్క 56 మిల్లీమీటర్లు. అయినా 35 ఎంఎం నెగెటివుకి మూడున్నర రెట్లు దాటిన వైశాల్యం. పక్క సీటు మీది పెద్ద సంచిలో మడతపెట్టిన చెక్క కెమెరా ఉంది. దానికి రీలే లేదు. 4×5 అంగుళాల షీట్లు, ఒక్కో హోల్డరులో ఇటొకటి అటొకటి. ఐదు హోల్డర్లు తెచ్చారు కాబట్టి ఈ పగలంతటికీ దానితో మీకున్నవి పది ఫోటోలు. ఒక్కో షీటు 35 ఎంఎం ఫ్రేముకి సుమారు పదమూడు రెట్లు.

నెగెటివు పెద్దదైన కొద్దీ వివరం ఎక్కువ, గ్రెయిను తక్కువ అని ఫోటోగ్రఫీ పుస్తకాలన్నీ చెబుతాయి. నిజమే. కొండనో గుడినో తీసేవాడికి ఆ మాట చాలు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు మాత్రం ఫార్మాటు ముందుగా తేల్చే సంగతులు వేరే ఉన్నాయి. ఆ మనిషి ఎంతసేపు ఆగాలి? ఆ సేపు మీ కళ్ళు ఎక్కడుంటాయి? అతని కళ్ళు దేన్ని చూస్తుంటాయి? నా లెక్కలో ఫార్మాటు ఎంచుకోవడమంటే ముందు ఇవి ఎంచుకోవడం, తరవాతే నెగెటివు సైజు.

టోటో చౌక్ బజారు దగ్గర ఆగింది. దిగండి, సామాను చూసుకోండి.

మీరు నిలబడ్డ చోటు జంషెడ్‌పూరే, కానీ కంపెనీ టౌను కాదు. 1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీ 1912లో సాక్చీలో మొదటి ఉక్కు తీసింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. కంపెనీ గీసిన టౌనులో వెడల్పాటి రోడ్లు, చెట్లు, వరస క్వార్టర్లు. జుగ్సలాయి ఆ గీతకి అవతల, రైలు పట్టాలని ఆనుకుని, తన మునిసిపాలిటీ తనకుండి, తనంతట తాను పెరిగిన బజారు. టోకు కొట్లు, వాటిలో చాలావరకు మార్వాడీలవి. రెండు ఠేలాలు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గాల్సిన సందులు. ఇక్కడా, పక్కనున్న బాగ్‌బేడాలోనూ తెలుగు ఇళ్ళున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల నుంచి పట్టాల వెంబడి ఖరగ్‌పూర్ చేరినట్టే మనవాళ్ళు టాటాకీ చేరారు. కొందరు రైల్వేలో కుదిరారు, కొందరు కార్ఖానాలో. బిష్టుపూర్‌లోని రామమందిరం వాళ్ళు కట్టుకున్నదే. మీరు వచ్చింది ఆ ఇళ్ళలోని పెద్దవాళ్ళ కోసం, వాళ్ళ చుట్టూ ఉన్న ఈ బజారు మనుషుల కోసం.

ఏడు కావస్తోంది. లారీ వెనక తలుపు గొలుసు ఘల్లున జారింది. కలాసీలు నలుగురు గోనెసంచిని కొప్పెరలా తలమీద వేసుకుని వరసకట్టారు. పైనున్నవాడు మూట అంచుకి నెడతాడు. కిందవాడు వీపు వంచి అందుకుంటాడు. మూడంగల్లో సందులోకి మాయమవుతాడు. మీరు 35 ఎంఎం తీశారు. 400 ఫిల్ము, ఎఫ్/4, సెకనులో నూట పాతికో వంతు. ఫోకసు రెండు మీటర్ల దగ్గర పెట్టి ఇంక ముట్టుకోలేదు. దానికి ముందూ వెనకా ఒక జానెడు మేర పనికొస్తుంది. కాబట్టి మీరు చెయ్యాల్సింది లెన్సు తిప్పడం కాదు, మనిషి ఆ రెండు మీటర్లలోకి వచ్చేదాకా కాసుకోవడం.

వచ్చాడు. మొహం మీద మూట నీడ, ముక్కు దగ్గర తెల్లగా ఊపిరి. మిమ్మల్ని చూశాడు, నొక్కారు. రెండో మూటకి వచ్చినప్పుడు నవ్వాడు, మళ్ళీ నొక్కారు. మూడోసారికి మిమ్మల్ని మరిచిపోయాడు. మీకు కావలసింది అదే.

లైకా 1925లో లైప్‌జిగ్ సంతలో అమ్మకానికి వచ్చినప్పటి నుంచి చిన్న కెమెరా చేస్తున్న పని ఇది. సినిమా రీలునే అడ్డంగా తిప్పి, జేబులో పట్టే పెట్టెలో పెట్టాడు లైకా రూపకర్త బార్నాక్. అప్పటిదాకా మనిషి కెమెరా ముందుకి రావాలి. అప్పట్నుంచి కెమెరా మనిషి వెంట వెళ్ళగలిగింది. 1989లో ఫోటోగ్రాఫరు సల్గాడో ధన్‌బాద్ బొగ్గు గనుల దగ్గర కార్మికుల్ని తీసింది లైకాలతోనే. ధన్‌బాద్ ఇక్కడికి మరీ దూరం కాదు, అప్పుడు రెండూ బీహారే. ఆ బొమ్మల్లో మసి పట్టిన మొహాలు ఎంత దగ్గరగా ఉంటాయో చూడండి. చూశాక ఇంకొకటి కూడా గమనించండి: మనకి ముందు కనబడేది శ్రమ, ఆ తరవాత మనిషి. అది లోపమని నేననను. కానీ మీ చేతిలోది 35 ఎంఎం అయితే బొమ్మ ఆ వైపే మొగ్గుతుంది. మీ మొహం సగం కెమెరా వెనక దాగి ఉంది. ఎదుటివాడికి మీది ఒక్క కన్నే కనబడుతోంది. అంతమాత్రం పరిచయానికి అతను ఇచ్చేదీ అంతే.

పోర్ట్రెయిటుకి 85 నుంచి 105 దాకా ఉన్న లెన్సు వాడమంటారు. మెకరీ 1984లో ఆ అఫ్గాన్ బాలికని తీసింది 105 ఎంఎంతోనే. ఈ సందులో అది పెట్టి వెనక్కి జరిగితే మీ వీపు ఎవరిదో కొట్టు షట్టరుకి తగులుతుంది. 50 చాలు. మరీ మీటరు లోపలికి మాత్రం వెళ్ళకండి, ముక్కు పెరుగుతుంది.

చెక్క కెమెరా ఇక్కడ విప్పుదామా అన్న ఆలోచన మీకు రాకపోలేదు. దానికి మూట మోసేవాణ్ణి ఆపాలి. అతనికి కూలి మూటల లెక్కన. అయిదు నిమిషాలు ఆపితే వరసలో వెనకవాడు ముందుకొస్తాడు. వద్దు, సంచి మూసేయండి.

ఎనిమిదిన్నరకి మట్టి కప్పులో టీ. పక్కన బాణలిలో ధుస్కాలు పొంగుతున్నాయి. టీ కొట్టు ఎదురుగా పప్పుల టోకు కొట్టు, ఎత్తు అరుగు మీద తెల్ల పరుపు, దాని మీద డెబ్బై దాటిన యజమాని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు ఎర్రగుడ్డ అట్ట లెక్కల పుస్తకం, వెనక లక్ష్మీదేవి కేలెండరు, పక్కన పైకప్పు దాకా పేర్చిన మూటలు. మీ సంచుల్ని ఇందాకట్నుంచీ ఆయన చూస్తూనే ఉన్నాడు. అడిగితే తలూపాడు. "ఏ పేపరుకి?" అన్నాడు. పేపరుకి కాదన్నాక ఇంకాస్త తీరుబడిగా కూర్చున్నాడు.

ఇప్పుడు ఒళ్ళోని సంచి తెరవండి.

ట్విన్ లెన్స్ కెమెరా మెడలో వేసుకుని, పైమూత తెరిచి, తల వంచి లోపలికి చూస్తున్నారు మీరు. గాజు మీద కొట్టంతా చదరంగా వెలుగుతోంది, కుడి ఎడమై, ఎడమ కుడై. ఆయన్ని కొంచెం ఎడమకి జరపాలని మీరు అటు తిరిగితే బొమ్మ ఇటు పోతుంది. నాలుగు రోజులకి చెయ్యి అలవాటు పడుతుంది, అంతవరకు తిట్టుకోవడమే. తిట్టుకుంటూ గమనించవలసింది మీ లెన్సు ఎత్తు. మీరు నిలబడి ఉన్నారు, కెమెరా పొట్ట దగ్గరుంది. అరుగు మీద కూర్చున్న మనిషి కళ్ళు సరిగ్గా అంత ఎత్తులోనే ఉన్నాయి. 35 ఎంఎంతో అయితే ఆయన్ని పైనుంచి కిందికి చూసేవారు, లేదా మోకాళ్ళు వంచేవారు. ఇందాకటి కలాసీని నిలబెట్టి దీంతో తీసి ఉంటే లెన్సు అతని ఛాతీ కింద నుంచి చూసేది. మనిషి కాస్త పొడుగ్గా, నిటారుగా వచ్చేవాడు. ఇంకొకటి, మీరు తల వంచారు. అది కెమెరాలోకి చూడటానికే అయినా, ఎదుటి మనిషికి మాత్రం ఎవరో తన ముందు తల వంచినట్టే కనిపిస్తుంది. తల ఎత్తినప్పుడు మీ మొహం మొత్తం ఆయనకి తెలుస్తుంది, అడ్డం ఏమీ లేదు.

కొట్లో వెలుతురు తక్కువ. 400 ఫిల్ముకి ఎఫ్/3.5 దగ్గర సెకనులో పదిహేనో వంతు అంటోంది మీటరు. అద్దం పైకి లేచే కెమెరా అయితే ఆ దెబ్బకే బొమ్మ అదిరేది. ఇందులో లేచే అద్దం లేదు, లెన్సులోనే ఉన్న షట్టరు ఆకులు చప్పుడు లేకుండా తెరుచుకుని మూసుకుంటాయి. మెడపట్టీ బిగలాగి, ఊపిరి బిగబట్టి నొక్కారు. నొక్కినట్టు ఆయనకి తెలియను కూడా తెలియలేదు. అదే చూపుతో ఉన్నాడు. ఫ్రేములో తల పైన కొంచెం చోటు వదిలారా? చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద. మీటరు దూరంలో ఆ తేడాకే తలలు తెగుతాయి. రోలైఫ్లెక్స్‌లు ఆ తేడాని తామే సర్దుతాయి, చవక రకాలు సర్దవు.

చదరంతో ఒక సుఖం ఉంది. నిలువా అడ్డమా అన్న ప్రశ్నే రాదు. మనిషిని మధ్యలో కూర్చోబెడితే కేలెండరూ మూటలూ లెక్కల పుస్తకమూ తమంతట తామే చుట్టూ సర్దుకుంటాయి. డయాన్ ఆర్బస్ 1962 ప్రాంతంలో 35 ఎంఎం నికాన్ వదిలి రోలైఫ్లెక్స్ పట్టుకుంది. అంతకు ముందరి బొమ్మల్లో గ్రెయిను, కదలిక. ఆ తరవాత మనుషులు నిలబడి తిన్నగా మనవైపే చూస్తారు. ఈ ఊరికే వచ్చిన వెర్నర్ బిషోఫ్‌ని తలుచుకోవాలి. స్విట్జర్లండ్ నుంచి వచ్చి, 1951లో బీహారు కరువుని తీసిన మనిషి, అదే ఏడు జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలోకీ వెళ్ళాడు. రోలైఫ్లెక్సూ లైకా రెండూ వాడేవాడు. రెండూ మోసుకు తిరగడం చాదస్తం కాదనడానికి ఆయనే సాక్షి.

పన్నెండు బొమ్మలూ అయిపోయాయి. రీలు మార్చాలి. 35 ఎంఎం వాడేవాళ్ళు ఈ మాటకి నవ్వుతారు, పన్నెండుకే ఆగడమేమిటని. ఆగనివ్వండి. మీరు కాయితపు పట్టీ నాలికతో తడిపి అంటిస్తుంటే, ఆయన తన తాత రాజస్థాన్‌లోని షేఖావటీ నుంచి ఎలా వచ్చాడో మొదలుపెట్టాడు. చేతులు ఖాళీగా లేని మనిషితో మాట్లాడటం అందరికీ సులువు. తరవాతి రీలులో మొదటి బొమ్మ, ఇందాకటి పన్నెండింటికంటే మెరుగ్గా వస్తుంది. చూసుకోండి.

పదకొండుకి ఒక పాత స్టూడియో. ఇప్పుడు జరిగేది పాస్‌పోర్టు సైజు, ఆధారు ప్రింటు. వెనక గదిలో అద్దాల బీరువా. అందులో ఒక యాషికా 124జీ, ఒక అగ్ఫా క్లిక్ 3. బరోడాలో తయారైన ఆ డబ్బా కెమెరాతో మన దేశంలో ఎన్ని ఇళ్ళ పెళ్ళిచూపులు జరిగాయో. అదీ 120 రీలే, అదీ చదరమే. ఊటీ నుంచి 'ఇందు' ఫిల్ము వచ్చిన రోజుల గురించి స్టూడియో యజమాని చెబుతుంటే వినండి. దాన్ని తయారుచేసిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడ్డాక ఇప్పుడు వాడేదంతా బయటి దేశాల సరుకు, ఆ ధర చూసే చాలామంది ఈ దారి వదిలేశారు. "రీలు కడగడానికి ఎక్కడికి పంపుతావు?" అని అడిగాడాయన. నలుపు తెలుపయితే మీరే కడుక్కుంటారని చెప్పేసరికి కళ్ళద్దాలు తీసి మిమ్మల్ని మళ్ళీ చూశాడు.

మధ్యాహ్నం రెండు. బాగ్‌బేడా వైపు ఒక సందు, ఇటుక ఇల్లు, చిన్న పెరడు. నీలిమందు కలిపి సున్నం కొట్టిన గోడ, దాని మీద పడుతున్న ఎండ పక్కింటి మేడ వల్ల ఆగిపోయి మెత్తటి నీడగా మారింది. రైల్వేలో పాయింట్‌మన్‌గా చేసి రిటైరయిన తాత, ఆయన భార్య. గుమ్మంలోనే మామ్మ మిమ్మల్ని ఆపింది.

"ఏ వూరు బాబూ మీది? ఎవల తాలూకా?"

విజయనగరం అన్నారు మీరు. "మాదీ అటే. రాజాం అవతల" అంది. అక్కడితో లోపలికి దారి దొరికింది. టీ వచ్చింది, దాంతో పాటు చేగోడీలు. పిల్లలు, కోడలు, పక్కింటి హిందీ పిల్లలు అందరూ చేరారు. మీరు ట్రైపాడు మీద చెక్క కెమెరా విప్పుతున్నారు. తోలుతిత్తి సాగింది.

"ఇంత పెద్ద పెట్టేటి బాబూ? నాటకాలోళ్ళు తెచ్చినట్టు తెచ్చినావు. నాను సచ్చిపోయాక గోడకి కట్టడానికా ఇది?"

అందరూ నవ్వారు, మీరూ నవ్వారు. ఆవిడ అడిగింది మాత్రం వేళాకోళానికి కాదు. మన ఇళ్ళలో పెద్ద ఫోటో అంటే దండ వేసిన ఫోటోయే. "ఇప్పుడు కట్టుకోవడానికే మామ్మా" అనండి. అని, ప్రింటు ఇవ్వండి.

తాత లేచి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బనీను పోయి ఇస్త్రీ చొక్కా, దాని మీద పాత నల్లకోటు. మీలోని డాక్యుమెంటరీ ఫోటోగ్రాఫరు చిన్నబుచ్చుకున్నాడు కదూ? ఆ బనీనే నిజమని, కోటు వేషమని. నాకు ఆ వాదం ఎప్పుడూ ఒప్పుదల కాలేదు. తను ఎలా కనబడాలనుకుంటున్నాడో అది కూడా ఆ మనిషి గురించిన ఆధారమే. పొద్దున కలాసీకి ఆ అవకాశం మీరు ఇవ్వలేదు, ఇచ్చే వీలు లేదు. ఇక్కడ ఉంది. పెద్ద కెమెరా గొప్పతనం నా దృష్టిలో వివరంలో కంటే ఇందులోనే ఉంది: కోటు వేసుకునేంత సమయం ఇస్తుంది.

కుర్చీలు రెండూ గోడకి మూడడుగులు ఇవతల వేయించారు. నల్లగుడ్డ కప్పుకుని గాజు పలక మీద చూస్తున్నారు. దంపతులిద్దరూ తలకిందులు. పక్కింటి పిల్లాడు గుడ్డలో దూరి, "దాదా ఉల్టా హై!" అని కేక పెట్టాడు. వరసగా పిల్లలందరూ చూడాల్సిందే. చూడనివ్వండి. ఆ తరవాత వాళ్ళే నిశ్శబ్దంగా ఉంటారు.

వెలుతురు కొలవండి. గోడని కొలవకండి. మీటరుకి తెలుపూ నలుపూ తెలియవు. దేన్ని చూపిస్తే దాన్ని బూడిదరంగు చేస్తుంది. లేత గోడని చూపిస్తే వెలుతురు ఎక్కువుందని నమ్మి మిమ్మల్ని తక్కువ ఇమ్మంటుంది. తాతది చామనచాయ దాటిన నలుపు. ఆ మొహం మసిముద్దయి కూర్చుంటుంది. మొహానికి దగ్గరగా వెళ్ళి కొలవండి, వచ్చినదానికి ఒక్క స్టాపు తగ్గించండి, అంతకంటే వద్దు. నెగెటివు ఫిల్ము వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది. తక్కువైతే ప్రింటులో ఏం చేసినా ఆ ముడతలు తిరిగి రావు. మన ఊళ్ళ స్టూడియోల్లో పౌడరు రాసి ఈ చిక్కుని దాటేసేవారు. మీరు దాటకండి.

ఎఫ్/11, సెకనులో ముప్పయ్యో వంతు. 150 లెన్సుకి ఎఫ్/5.6 అయితే మీటరున్నర దూరంలో జానెడు లోతు కూడా నిలవదు. కళ్ళు స్పష్టం, చెవులు మసక. తాత ఊపిరి పీల్చి కొంచెం ముందుకు వాలితే కళ్ళూ పోతాయి. అందుకే ఎఫ్/11. అందుకే ఒక దారం కెమెరాకి కట్టి, కొస తాత చెంప దాకా లాగి, ముడి వేసి గుర్తు పెట్టుకున్నారు. ఫోకసు చేశాక మళ్ళీ ఒకసారి దారం చాచి, ఆయన అక్కడే ఉన్నాడో లేదో చూసుకోవచ్చు. మామ్మకి ఇది ఎంతో నచ్చింది. "నాను కూకుంటాను గానీ, ఆయన్ని కదలకుండా కూకోబెట్టడం నీ వల్ల కాదు" అంది.

ఇప్పుడు వరస తప్పకూడదు. షట్టరు మూయండి. బిగించండి. హోల్డరు దోపండి. స్లైడు లాగండి. ఇక గాజు మీద బొమ్మ లేదు, గుడ్డ కింద మీకు పని లేదు. కేబులు చేతిలో పట్టుకుని కెమెరా పక్కన నిలబడ్డారు. మీకూ వాళ్ళకీ మధ్య ఏ అద్దమూ లేదు. ఎవెడన్ 1979 నుంచి 1984 దాకా అమెరికా పడమటి ఊళ్ళలో కూలీల్ని, గనివాళ్ళని, దేశదిమ్మరుల్ని 8×10 కెమెరాతో తీసింది ఇలా లెన్సు పక్కన నిలబడే. 752 మంది, సుమారు 17,000 షీట్లు. ఆ మొహాల్లోని తీక్షణత లెన్సుది మాత్రమే కాదు, వాళ్ళు నిజంగా ఒక మనిషి కళ్ళలోకి చూస్తున్నారు. అంతకు నూరేళ్ళ ముందు, ఆరో నిజాం కొలువులో పేరు తెచ్చుకున్న రాజా దీన్ దయాళ్ కూడా గాజు పలకలతో ఇదే తంతు చేశాడు, కాకపోతే ఆయన ముందు కూర్చున్నది చాలావరకు నవాబులు, దొరలు. అదే తంతు ఈ పెరట్లో ఒక పాయింట్‌మన్‌కి జరగడం నాకు ఇష్టం.

పిల్లలు ఊరుకున్నారు. దూరంగా గూడ్సు బండి కూత. తాత మిమ్మల్నే చూస్తున్నాడు, సిగ్నలు చూసినట్టు. నొక్కారు. చిన్న చప్పుడు. స్లైడు మూశారు.

మూయగానే ఇద్దరూ ఊపిరి వదిలారు. మామ్మ ఆయన వైపు తిరిగి కోటు కాలరు కింద ఇరుక్కున్న చొక్కా సర్దింది. ఏదో అంది, ఆయన నవ్వాడు. ఇంతసేపటి బిగువు ఆ ఒక్క క్షణంలో కరిగింది. చెక్క కెమెరాకి అది అందదు, హోల్డరు తిప్పేలోపు అయిపోతుంది. మెడలో ఉన్న ట్విన్ లెన్స్ మూత తెరిచే ఉంచారా? తెరిచే ఉంచారు. వంగి, నొక్కారు.

సాయంత్రం అయిదుకే వెలుతురు పోతోంది. ఓవర్‌బ్రిడ్జి మీద ఆగి భుజాలు రుద్దుకుంటున్నారు మీరు. మూడూ మోయగలిగినవాళ్ళు మోయండి. అందరి వల్లా కాదు, అందరి దగ్గరా డబ్బు ఉండదు. 6×7 మమియా ఆర్‌బీ తెచ్చుకోనా అని అడిగేవాళ్ళున్నారు. గొప్ప నెగెటివు, వెనకభాగం తిప్పితే నిలువు అడ్డం అవుతుంది, కానీ రెండున్నర కిలోల బరువు, అద్దం దెబ్బ. స్టూడియోలో పెట్టుకోండి. 645 కంటి దగ్గర పట్టుకుని తీసేది, రీలుకి పదిహేనో పదహారో వస్తాయి. సల్గాడో తన జెనెసిస్ పని దాంతోనే మొదలుపెట్టి, విమానాశ్రయాల ఎక్స్‌రేలతో విసిగి 2008లో డిజిటల్‌కి మారాడు. మీరు రైల్లో వచ్చారు కాబట్టి ఆ బాధ తక్కువ. విమానమైతే ఫిల్ము చేతి సంచిలో పెట్టి, చేత్తో చూడమని అడగండి. కొత్త సీటీ స్కానర్లు 400 ఫిల్ముని ఒక్క దెబ్బకే పాడుచేయగలవు.

జుగ్సలాయిలాంటి చోటికి ఒక్కటే తీసుకెళ్ళాలంటే నా తీర్పు ట్విన్ లెన్స్. మూటల సందులో అది 35 ఎంఎం అంత చురుకు కాదు. పెరట్లో 4×5 ఇచ్చినంత గాంభీర్యం ఇవ్వదు. కానీ కొట్లో పనికొచ్చింది, పెరట్లో పనికొచ్చింది. అవసరమైతే బజారులోనూ పనికొస్తుంది. 12×12 అంగుళాల ప్రింటుకి అయిదున్నర రెట్లు పెంచితే చాలు. పాతది కొనేటప్పుడు షట్టరు ఒక్క సెకను దగ్గర పెట్టి నిజంగా ఒక్క సెకనే తెరుచుకుంటోందో వినండి. లెన్సులోకి టార్చి కొట్టి చూడండి, మన వానాకాలాలు చూసిన గాజుకి బూజు దారాలు ఉంటాయి. 120 రీలు 1901లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతూనే ఉంది, కాబట్టి రీలు దొరకదేమో అన్న భయం పెట్టుకోకండి.

రీలు కొన్న రోజే ప్రింట్లకి కూడా డబ్బు పక్కన పెట్టండి. కొట్టు యజమానికొకటి, పెరట్లో ఇద్దరికీ కలిపి ఒకటి, కలాసీ పేరు కనుక్కుని అతనికొకటి. అవి ఇవ్వకుండా ఆ సందుల్లోకి మళ్ళీ కెమెరాతో వెళ్ళకండి.